తిరగని కారుకు రోజూ స్నానం

బెంగళూరు చామరాజపేటలో కార్లు కడిగేవాళ్లు చాలామంది ఉండేవారు గానీ, కారుకు స్నానం చేయించేవాడు మాత్రం బైరప్ప ఒక్కడే. ఈ మాట పేట అన్నదో లేదో చెప్పలేం. బైరప్ప మాత్రం అడిగినవారికీ అడగనివారికీ చెప్పేవాడు. మాలూరు తట్టు పల్లెలో, అయ్యవారి బడిలో ఇసుక మీద అక్షరాలు దిద్ది, ఎక్కాలు గొంతెత్తి వల్లించి వచ్చిన మనిషి. అందుకే తన ఘనతలు కూడా ఎక్కాల మాదిరే తడుముకోకుండా అప్పజెప్పేవాడు.

"బళేపేట గుడ్డలంగడి వెంకటేశప్ప సామి కారు బెంగళూరులో దిగిన పొద్దు దాని మింద తొలి చెంబు నీళ్లు పోసింది ఎవురు? నేను. దసరాకి మైసూరు పొయ్యొచ్చిన బురదని పొద్దుగుంకక ముందే వదిలించింది ఎవురు? నేనే. ఒక దొరసాని ఈ బండి తలుపు చూసి అద్దమనుకొని టోపీ సర్దుకున్నాది. అడుగుపో, ఆ దొరసానినే అడుగు!"

దొరసాని సీమకు వెళ్లిపోయి చాలా కాలమైంది. కాబట్టి అడిగినవాడు లేడు.

యుద్ధం వచ్చింది. పెట్రోలుకు కూపన్లు వచ్చాయి. వెంకటేశప్పకు వచ్చిన కూపన్లతో కారు అంగడికి పోతే ఇంటికి రాదు, ఇంటికి వస్తే అంగడికి పోదు. ఆయన జట్కా ఎక్కడం మొదలుపెట్టాడు. కారు కొట్టంలో నిలబడిపోయింది. వెనక సీటు కింద కోడి గుడ్లు పెట్టింది. బైరప్ప మాత్రం స్నానం మానలేదు. పొద్దున్నే బావిలో నీళ్లు చేది, చక్రాలకు కొబ్బరి పీచు, ఒంటికి సబ్బు నురగ, ఆపైన పాత మల్లు పంచెతో తుడుపు. శుక్రవారమైతే ముందరి మూతికి, అంటే రేడియేటరు తొడుగుకు, చింతపండు, ఇటుక పొడి. వెండిలా మెరిసే ఆ మూతంటే అతనికి ప్రాణం. దేవుడి గదిలో ఇత్తడి కుందులను ఆడవాళ్లు ఎలా తోముతారో అలాగే తోమేవాడు.

"కొట్టం దాటని బండి ఏ బురదలో పొర్లిందప్పా?" అని ఎదురింటి మునిస్వామి గోడ మీది నుంచి ఎగతాళి చేసేవాడు.

"గర్భగుడి దాటని దేవునికి అభిషేకం చెయ్యరా?" అనేవాడు బైరప్ప, చెంబు దించకుండానే.

అలాంటిది, ఒకనాడు వెంకటేశప్ప కారు అమ్మేస్తానన్నాడు. పటాలానికి కూరగాయలు వేసే కంట్రాక్టరు ఓబళప్ప చూడటానికి వస్తున్నాడట. బైరప్ప లెక్క వేసుకున్నాడు. కారు పోతే తన పని పోతుంది. పోయేది పని ఒక్కటే అయితే ఎలాగో బతకవచ్చు. ఈ వయసులో ఇంకొకరి బండి దగ్గర, ఇంకొకరు చెప్పినట్టు కడగాలా?

భార్య అక్కయమ్మ ఉపాయం చెప్పింది. "ఆయప్ప వచ్చేదాకా బండి ముట్టుకోవాకు. దుమ్ము పట్టనీ. గలీజుగా ఉంటే ఎవురు కొంటారు? ఏమీ చెయ్యకుండా సుమ్నే ఉండు, అంతే."

బైరప్ప సుమ్నే ఉన్నాడు. కొట్టం వైపు చూడకుండా పెరట్లో కొబ్బరి మట్టలు చీల్చాడు. కారు మీద దుమ్ము పేరుకుంది, కోడి నడిచిన గుర్తులు పడ్డాయి. అతనికి అన్నం సయించలేదు.

ఓబళప్ప వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. మడ్‌గార్డు మీద వేలితో గీత గీసి, ఆ వేలిని వెంకటేశప్పకు చూపించాడు.

"దీన్ని కడిగేది ఎవురప్పా? మా ఊర్లో ఎనుముల్ని ఇంతకంటే బాగా కడుగుతారు."

ఏమవుతుందో చూడటానికి వచ్చిన అక్కయమ్మ గుమ్మం దగ్గర తల అడ్డంగా ఊపుతూనే ఉంది. బైరప్ప చూడలేదు. పంచె ఎగ్గట్టాడు.

"సామీ, ఒక గడియ అరుగు మింద కూకోండి. కాఫీ తాగండి. ఆ మాట మళ్లీ అందురు గాని."

ఇక చూడాలి ఆ కడుగుడు! బావిలో చేద పడటం, లేవడం ఒకటే మోత. కోడి అరుచుకుంటూ గోడ దూకింది. ఓబళప్ప కాఫీ గ్లాసుతో లేచి వచ్చి, కారు పైకప్పులో తన తలపాగా చూసుకుని, "భలేప్పా!" అన్నాడు. వెంకటేశప్ప ముఖం వెలిగింది. బేరం కుదిరినట్టే. అక్కడితో ఆగి ఉంటే బైరప్ప పనీ పోయేది, కథా అయిపోయేది. కానీ గేదెలతో పోల్చిన ఆ 'ఎనుములు' మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. వంటింట్లోకి పోయి చింతపండు పిడికెడు తెచ్చి, కారు మూతి పట్టుకున్నాడు.

తోమగా తోమగా నడుమ పసుపుపచ్చగా ఒక మచ్చ కనిపించింది. మరక అనుకుని ఇంకాస్త ఇటుక పొడి వేశాడు. మచ్చ అరచేయంత అయింది. పట్టుదల పెరిగింది. మచ్చ పళ్లెమంత అయింది.

ఓబళప్ప వంగి చూశాడు. "ఏందప్పా ఇది? పైన వెండి పూత, లోపల ఇత్తడి! మూతే ఇట్లుంటే కడుపులో ఇంజను ఉండాదో, అదీ పూతేనో!" అని గ్లాసు అరుగు మీద పెట్టి, జట్కా ఎక్కి వెళ్లిపోయాడు.

వెంకటేశప్ప కోపంగా బైరప్ప మీదికి వచ్చాడు. "కావాలనే చేసినావు కదరా? బేరం చెడగొట్టేదానికే?"

అవునంటే మోసగాడవుతాడు, పని పోతుంది. కాదు, చేయి జారిందంటే పని నిలుస్తుందేమో, పరువు నిలవదు. చేయి జారిందని చెప్పమని అక్కయమ్మ దూరం నుంచి సైగల మీద సైగలు చేస్తోంది. బైరప్ప చింతపండు చేతులు పంచెకు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు.

"సామీ, బైరప్ప మోసం చెయ్యడు. బైరప్ప చెయ్యీ జారదు. పూత ఏసినోడు పలచగా ఏసినాడు. పాపం, అది మాత్రం ఎన్నేండ్లు ఓర్చుకుంటాది నా చేతిని?"

లోపలి నుంచి వెంకటేశప్ప భార్య భాగీరథమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చింది. "వాడు ఇంత తోమినా చిల్లు పడలేదు, అందుకు సంతోషించండి. ఇంక దీన్ని ఎవరూ కొనరు. ఉండనీండి, పోనీండి."

ఆమె నవ్వేసరికి ఆయన కోపం సగం దిగింది. మిగతా సగంతో అన్నాడు: "ఇంకోసారి చింతపండు ముట్టుకున్నావో, బండితో పాటు నిన్నూ అమ్మేస్తా!"

పని నిలిచింది. బైరప్ప ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. అక్కయమ్మ ముఖం పూర్ణిమలా ఉంది. పెద్ద రాగి ముద్ద వడ్డించి, దాని మీద నెయ్యి కూడా వేసింది.

"ఎంత ఉపాయమయ్యా నీది! నేను దుమ్ము పట్టనీ అంటే నువ్వు దాన్నీ మించినావు. తోమినట్టే తోమి బేరం ఎగరగొట్టేస్తివి."

బైరప్ప పళ్లెం పక్కకు తోసేశాడు. "ఉపాయమంటావా? నా జన్మలో అంత బాగా తోమింది లేదు. నీ కంటికి అది ఉపాయంగా కనబడిందా?"

"అబ్బా, సరేలేవయ్యా. పనితనమే. తిను."

"ఇంకోసారి చెప్పు."

"పనితనమే, పనితనమే. ముద్ద చల్లారిపోతాండాది."

అప్పుడు గానీ అతను పళ్లెం దగ్గరకు లాక్కోలేదు.