సౌండు తీసేసిన వార్తలు

సామర్లకోటలో మా మేనత్త టీవీ వార్తలు సౌండు తీసేసి చూసేది. పక్కనే ఫోన్లో రాక్ పాటలు మోగించేది. ఆదివారం చర్చిలో పాటలు పాడే క్వయర్‌ని నడిపే మనిషి! అడిగితే, "అరుపుకి అరుపే కదరా, వీళ్ళయితే శ్రుతిలో అరుస్తారు" అనేది.

ఓ రోజు, ఒక కుర్ర క్రికెటర్ డబ్బు తీసుకుని నోబాల్ వేశాడని ఛానెళ్ళన్నీ ఊగిపోతున్నాయి.

"వేసినవాడు దొరికాడు సరే, వేయించినవాడేడిరా?" అంది.

ఇంతలో ఆ కుర్రాడే మైకుల ముందుకొచ్చాడు. అత్తయ్య చటుక్కున పాట ఆపి, టీవీ సౌండు పెంచింది. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. వాడు ఏడుస్తూ చెప్పిందంతా చివరిదాకా వింది.

"నమ్మావా అత్తయ్యా?"

"ఒక్క ముక్క నమ్మితే ఒట్టు. అలాగని వినకుండా తిట్టడానికి నేనేమన్నా వార్తలు చదువుతున్నానా?"