కౌజు గుడ్లు, శేవంతి నిద్ర

మా చిన్నప్పుడు, మా ఇంట్లో అందరికన్నా తక్కువ నిద్రపోయినవాడు ఇరవై రోజుల మా తమ్ముడు... వాడు పడుకోడు, ఎవరినీ పడుకోనివ్వడు.

బోధన్ పక్కన చెరుకు తోటల మధ్య మా అమ్మమ్మ వాళ్ల ఊరు. అమ్మ పురుటికి అక్కడికి వచ్చింది, ఆమె కొంగు పట్టుకుని నేనూ వచ్చాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పురుడైన వారానికే అమ్మకి జ్వరం పట్టుకుంది. జ్వరం పోయింది కానీ, పోతూ పోతూ పాలు కూడా పట్టుకుపోయింది. ఆవుపాలు దూదితో పిండినా తమ్ముడికి కడుపు నిండేది కాదు.

అమ్మమ్మ చేయని సేవ లేదు. పొద్దున్నే కాళ్లు చాపుకుని కూర్చుని, తమ్ముణ్ణి కాళ్ల మీద వేసుకుని నువ్వుల నూనె పట్టించేది. కాగులో కాచిన నీళ్లు పోసి, ఊదు పొగ వేసి, పాత పంచె ముక్కలో చుట్టి తొట్టెలలో వేసేది. కాసేపే... మళ్లీ కేరుమనేవాడు. కడుపు నిండందే ఊదు పొగకి నిద్ర వస్తుందా? మంత్రాలకు చింతకాయలు రాలతాయా?

ఆ రోజుల్లో చెరుకు కొట్టడానికి నాందేడ్ వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఎడ్లబండ్ల మీద వచ్చేవి. మా తోటలో కొట్టే రుక్మాబాయికి మూడు నెలల పాప. పేరు శేవంతి. బండి కింద చీరతో ఉయ్యాల కట్టి వేసిపోతే, మధ్యాహ్నం దాకా కిక్కురుమనేది కాదు. నేను చూసి చూసి కుళ్లుకునేదాన్ని... బంగారం లాంటి పిల్ల వాళ్లకి, రాగాల పిల్లాడు మాకు!

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మీ పాప గింత మంచిగ ఎట్ల పంటది?"

రుక్మాబాయి నవ్వి, కొంగు ముడి విప్పి నల్లటి ఉండ చూపించింది. వచ్చీరాని తెలుగులో చెప్పింది. "ఆవగింజంత నాకిస్త... పంటది. లేకుంటె కోత ఎట్ల అయితది బేటీ?"

బతిమాలి గోరంత తెచ్చుకున్నాను. అమ్మకి అప్పుడే కాస్త కునుకు పట్టింది, తమ్ముడు ఏడుస్తున్నాడు. వేలికి రాసుకుని వాడి నోటి దగ్గర పెట్టబోతుంటే, వెనక నుంచి అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. వాసన చూసింది. ఆమె మొహం అంతగా పాలిపోవడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

"గిది నల్లమందు బిడ్డా... గిది నిద్ర గాదు. దీంతోటి పండుకున్న పోరగాండ్లు కొందరు మల్ల లేవరు."

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నా వేలు బూడిదతో తోమి కడిగి, గబగబా తోటలోకి నడిచింది. నేనూ వెనకే పరుగెత్తాను. ఉయ్యాలలోంచి శేవంతిని ఎత్తుకోగానే పిల్ల మెడ వాలిపోయింది... చెంపలు తట్టినా కళ్లు తెరవలేదు. అమ్మమ్మ అక్కడే కూలబడి, పేరు పెట్టి పిలుస్తూ, అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. ఎంతసేపో తెలీదు. చివరికి శేవంతి సన్నగా ఏడ్చింది. పిల్ల ఏడుపు విని సంతోషపడడం నాకు అదే మొదటిసారి.

కొడవలితో పరుగెత్తుకొచ్చిన రుక్మాబాయి బిత్తరపోయి నిలబడింది. "మా వాళ్లల్ల అందరు ఇస్తరు బాయీ... మా అవ్వ గూడ నాకు ఇచ్చిందట."

"నువ్వు బతికినవ్, అది నీ అదృష్టం. రేపటి సంది పిల్లను నా కాడ ఇడిశిపెట్టు. నేను పండవెడ్త" అంది అమ్మమ్మ.

మా ఇంట్లో రెండో తొట్టెల కట్టారు. మూడు రోజులు శేవంతి ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు... అది మందు వదిలే ఏడుపని ఇప్పుడు తెలుసు. అమ్మమ్మ పిల్లని భుజం మీంచి దించలేదు. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "సొంత మనుమని పంచాదే తెగలె, ఊరోళ్ల పోరి గావాల్నా?" అన్నారు. ఆమె ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది.

రుక్మాబాయి ఉత్త చేతులతో వచ్చేది కాదు. చెరుకు కొడుతుంటే గట్ల మీది గడ్డిలో కౌజు పిట్టల గూళ్లు బయటపడేవి. ఆ గుడ్లు కొంగులో వేసుకుని తెచ్చేది... ఉసిరికాయంత గుడ్లు, ఒంటి నిండా మచ్చలు. "సిన్నగున్నదని సూడకు, బాలింతకు మస్తు బలం" అంటూ అమ్మమ్మ ఉడకబెట్టి, ఒలిచి అమ్మ నోట్లో పెట్టేది. ఇప్పుడు అవే గుడ్లు డబ్బాల్లో పెట్టి, ప్రొటీను, ఐరను, బి పన్నెండు అని రాసి అమ్ముతున్నారు. అమ్మమ్మకి అవేవీ తెలీదు. గుడ్ల వల్లో, ఒంట్లో జ్వరం నీరసం పోయినందుకో, మెల్లగా అమ్మ మొహంలో కళ వచ్చింది. పాలూ పడ్డాయి.

ఓ మధ్యాహ్నం రుక్మాబాయి పిల్లకి పాలివ్వడానికి రావడం ఆలస్యమైంది. శేవంతి ఆకలికి గుక్కపట్టింది. అమ్మ చేతులు చాచి తీసుకుని, తమ్ముడితో పాటే పాలకి వేసుకుంది. తాగి తాగి ఇద్దరూ అట్లాగే నిద్రపోయారు. మందు లేని నిద్ర... పెదవులు కదుపుతూ, మధ్యమధ్య నవ్వుతూ. అమ్మమ్మ గడపలో కూర్చుని చూస్తూ కళ్లు తుడుచుకుంది.

కోతలు అయిపోయాయి, బండ్లు కట్టారు. రుక్మాబాయి అమ్మమ్మ కాళ్లు పట్టుకుని, "ఇగ ఆ మందు ఇయ్య బాయీ, నీ మీద ఒట్టు" అంది. అమ్మమ్మ పిల్లని ఒకసారి గట్టిగా హత్తుకుని ఇచ్చేసింది.

మరుసటి ఏడు వేరేవాళ్లు వచ్చారు. అమ్మమ్మ ఒక్కో బండి దగ్గరికీ వెళ్లి "రుక్మాబాయి బిడ్డ మంచిగున్నదా?" అని అడిగింది. ఎవరికీ తెలీదు. ఆ పై ఏడూ అడిగింది... ఓపిక ఉన్నన్నాళ్లూ అడుగుతూనే ఉంది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, అమ్మ లేదు, ఆ ఎడ్లబండ్లూ లేవు. పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి ఫోన్లలో ఏవేవో చప్పుళ్లు పెడుతున్నారు. కాళ్లు చాపుకుని కూర్చునే తీరిక ఎవరికుంది? నాకైతే పిల్లలిద్దరూ అమ్మ ఒడిలో నిద్రపోయిన ఆ మధ్యాహ్నం ఒక్కసారి మళ్లీ చూడాలని ఉంటుంది...

నాందేడ్ వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అరవై దాటిన శేవంతి అనే ఆమె మీకు తెలుసేమో, వాళ్లమ్మ మా వైపు చెరుకు కొట్టడానికి వచ్చిందేమో, కాస్త అడిగి చూడండి. బతికే ఉందని కింద ఒక్క మాట రాయండి, చాలు... మా అమ్మమ్మ ఆ ఒక్క మాట వినకుండానే వెళ్లిపోయింది.