ఓడెస్సా ముక్కు

థాంక్స్‌గివింగ్ పండుగ పొద్దున ఓడెస్సా వంటింట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. టర్కీ కోడి పొట్టలో కూరడానికి మొక్కజొన్న రొట్టెను చిదుముతోంది, గిన్నె మీదికి వంగి వాసన చూస్తోంది, కిటికీ దాకా వెళ్లొచ్చి మళ్లీ వంగుతోంది. ఘుమఘుమ కోసం వేసే సేజ్ ఆకు ఎంత పడాలో ఆమె ముక్కే చెప్పాలని చుట్టాలందరి నమ్మకం. ఆ ముక్కు వేసవి నుంచి పనిచేయడం లేదు. పద్దెనిమిదేళ్లుగా టర్కీల ఫ్యాక్టరీలో మాంసం కడిగే మందు ఘాటు పీలుస్తోంది. కంపెనీ డాక్టరు జలుబన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆమె ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

"ఏం వదినా, ఆ టర్కీకి మళ్లీ ఈకలు మొలిచేలా ఉన్నాయి! సేజ్ సరిపోయిందా లేదా?" అంది ఆడపడుచు క్లియోటా. ఫ్యాక్టరీలోనూ ఇద్దరివీ పక్కపక్క చోట్లే.

ఓడెస్సా ఇంకో గుప్పెడు ఆకు నలపబోయి ఆగింది. గిన్నె అటు తోసింది.

"నువ్వే చూడవే. నాకు ఏ వాసనా తెలియడం లేదు."

క్లియోటా గిన్నె మీదికి వంగి గట్టిగా పీల్చింది, మళ్లీ పీల్చింది.

"నాకూ అంతే వదినా," అంది.