సంగీతం సారు చెప్పకుండా పోయిన మాట

మా సంగీతం సారు పోయారు. లండన్‌లో, ఆసుపత్రిలో, నిద్రలోనే పోయారట. మొన్న శుక్రవారం కువైట్‌లో, అబ్బాసియాలో మా ఇంట్లో నేను సంగటి కెలుకుతుంటే మా అబ్బాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"మా, మీ ఇంగ్లీషు సారు పోయినాడంట. ఆ దేశం పేపర్లో ఏసినారు."

మనిషి పోయాడంటే ఎవరికైనా ముందు అయ్యో అని వస్తుంది. నాకు రాలేదు. "చెప్పకుండానే పోయినాడా!" అన్నాను. తెడ్డు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. సంగటి అడుగంటితే మా కోడలు వచ్చి స్టవ్ కట్టేసింది.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం పిల్లలు ఆ సాయంత్రమే వచ్చారు. "అక్కా, ఆయన అంత పెద్ద సంగీతకర్త అంట గదా. నీ చేతి కూడు తిన్న మనిషి. మన పత్రికకు నాలుగు మంచి మాటలు రాసియ్యి" అన్నారు. మంచి మాటలు నా దగ్గర నాలుగు కాదు, చాలా ఉన్నాయి. రాస్తాను. కానీ చేదు కూడా వస్తుంది. కాకరకాయ కూర వండించుకుని తియ్యగా లేదంటే నేనేం చేసేది?

మాది రాయచోటి దగ్గర పల్లె. పిల్లవాణ్ని మా అత్త దగ్గర వదిలి, నేనూ మా ఆయనా కువైట్ వచ్చి మిష్రిఫ్‌లో ఒక పెద్దింట్లో కుదురుకున్నాం. ఆయన డ్రైవరు, నేను వంటా ఇంటిపనీ. సారు ఆ ఇంటి మేడమీది గదుల్లో అద్దెకుండేవారు. పొద్దున ఇంగ్లీషు బడిలో పాఠాలు, మధ్యాహ్నం మా మామా కూతురికి పియానో. ఇంటి యజమానురాలిని ఇక్కడ అందరం మామా అనే పిలుస్తాం. అప్పటికి సారు ఎవరో ఎవరికీ తెలియదు. వాళ్ల ఊళ్లో చర్చి పిల్లలు పాడుకోవడానికి పాటలు కట్టేవారట. ఒకసారి గంటల చప్పుడు మీద పెద్ద సంగీతం రాస్తే విన్నవాళ్లు సగంలో లేచిపోయారని ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

నేను పోపు వేసే వేళకు సారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. ఆవాలు చిటపటలాడుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. పెదాల మీద వేలు పెట్టుకునేవారు. ఆఖరి ఆవగింజ పేలాక "షుక్రన్ సిస్టర్" అని అరబ్బీలో థాంక్స్ చెప్పి మేడెక్కేవారు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "ఆవాలకు దండం పెట్టే మనిషిని ఈయన్నే సూసినా మే!"

మామా కూతురికి రోజూ ఒకటే చెప్పేవారు. "ముందు చెవి, తర్వాత నోరు." ఆ పిల్ల విసుక్కునేది. మా ఆయన నా చెవిలో అనేవాడు, "చెవి సరే, ఈయన నోరు ఎప్పుడు తెరుస్తాడో!" తమాషాకు అన్న మాట అది. ఇన్నేళ్లూ నన్ను గుచ్చుతుందని ఎవరు అనుకున్నారు?

తొంభయ్యో సంవత్సరం ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడిన ఆగస్టులో మామా వాళ్లంతా ఎండాకాలం గడపడానికి లండన్ వెళ్లి ఉన్నారు. ఇల్లు మా ఇద్దరి చేతుల్లో ఉంది. సైనికులు ఇల్లిల్లూ తిరిగి ఇంగ్లీషు వాళ్లనూ అమెరికా వాళ్లనూ పట్టుకుపోతున్నారు. మనవాళ్ల జోలికి అంతగా రాలేదు. అంతా మూటాముల్లె సర్దుకుని బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు, అక్కణ్నుంచి విమానాల్లో బొంబాయికి పోతున్నారు. నేనూ పోదామన్నాను.

"పిల్లోడు ఆడ ఎట్ల ఉండాడో ఏమో. పోదాం పా."

"పోదాం మే. ఈయన్ను ఎవురికి అప్పజెప్పి పోదాం? మన కూడు తినే మనిషి. మనం గేటు దాటితే పట్టుకపోతారు."

అదొక్క మాట. మా ఆయన ఒక మాటన్నాడంటే ఇక అంతే. సారును కింద సామాన్ల గదిలో దాచాం. నేలమట్టానికి కాస్త పైన చిన్న కిటికీ ఒకటి ఉండేది, సరిగ్గా గేటుకు ఎదురుగా. దానికి పాత అట్టపెట్టెలు అడ్డం పెట్టాడు. సైనికులు గేటు కొడితే నన్ను పోనిచ్చేవాడు కాదు, తనే పోయేవాడు. "మాఫీ ఇంగ్లీజీ, ఇంగ్లీషోళ్లు లేరు, ఖాళీ ఇల్లు" అని అరబ్బీ, ఉర్దూ కలిపి గట్టిగా అరిచేవాడు, కింద సారుకు వినబడాలని. కింద పియానో లేదు కాబట్టి సారు పిండి డబ్బా మూత మీద వేళ్లతో వాయించుకునేవారు. అరుపు వినబడగానే వేళ్లు ఆగేవి.

ఒకరోజు నేను రొట్టెల కోసం బేకరీ దగ్గర వరుసలో నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. కారు తలుపు తెరిచి ఉంది, తాళాలు దానికే వేలాడుతున్నాయి. గేటు ముందు నేలంతా తడి. మా ఆయన రోజూ ఆ వేళకు కారు కడిగేవాడు. కారు కడిగిన నీళ్లో, మరేదైనా కడిగిన నీళ్లో, ఈరోజుకీ నాకు తెలియదు. పిలిచాను. ఇల్లంతా తిరిగాను. కిందికి పరిగెత్తాను.

సారు ఆ కిటికీ కిందే కూర్చుని ఉన్నారు. అట్టపెట్టె పక్కకు జరిపి ఉంది. చూశారు. అంతా చూశారు. "సారూ, మా ఆయన యాడ?" అని భుజాలు పట్టుకుని ఊపాను. రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. నోరు తెరిచారు, మాట రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ వారం రాలేదు. నేను గోడకేసి తల కొట్టుకుంటుంటే మధ్యలో తన చెయ్యి అడ్డం పెట్టారు, వేళ్లు కమిలిపోయాయి. పియానో వాయించే వేళ్లు. అది మరిచిపోతే నేను మనిషిని కాను.

నేను కూడు మానేస్తే ఆయనే పైకొచ్చి, ఎవరైనా చూస్తారన్న భయం కూడా లేకుండా, గంజి కాచి నోట్లో పోశారు. కాస్త తేరుకున్నాక బొగ్గుముక్కతో గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి నేర్పించారు. మాట వచ్చింది ఆయనకు, రాలేదని కాదు. ఏ, బీ, సీ అని పలికించేవారు. తిన్నావా, పడుకున్నావా అని అడిగేవారు. గేటు మాటెత్తితే మాత్రం మళ్లీ చెవులు మూసుకునేవారు. నేను తెలుగులో చదివింది ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు పేపరు చదివే పాటి జ్ఞానం మాత్రం సారు పెట్టిన భిక్షే.

చలికాలంలో ఇరాక్ వాళ్లు పరదేశీయులను వదిలేస్తామన్నారు. సారు విమానం ఎక్కే రోజు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "చెప్తాను సిస్టర్. ఇప్పుడు నా వల్ల కాదు. తప్పకుండా చెప్తాను." నేను నమ్మాను. ఆ గేటు దగ్గరే ఉండిపోయాను. యుద్ధం అయిపోయింది, మామా తిరిగొచ్చింది, కనిపించకుండా పోయినవాళ్ల కోసం ఆఫీసులు తెరిచారు. ఏ ఆఫీసుకు పోయినా ఒకటే ప్రశ్న. చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారన్నాను. సారుకు వాళ్లు రాశారు, మామా రాసింది. గుర్తు చేసుకోలేకపోతున్నానని జవాబు వచ్చింది.

గుర్తు చేసుకోలేని మనిషి దాని మీదే అరగంట సంగీతం రాశారు! దాని పేరేమిటో తెలుసా? 'సాక్షి'. వయొలిన్లు, ఒక పెద్ద డప్పు. దాంతోనే ఆయన దశ తిరిగింది. పెద్దపెద్ద హాళ్లలో వాయించారు, పతకాలిచ్చారు, కాలేజీలో పెద్ద పంతుల్ని చేశారు. తర్వాత చేపల పడవల మీద కోరస్ రాశారు, పాటలతో నడిచే నాటకం రాశారు. మామా కూతురు అన్నీ తెప్పించుకునేది, నాకూ వినిపించేది. ఒకదాంట్లో నలుగురు కూర్చుని వయొలిన్ తీగలను వేళ్లతో మీటుతారు, మెల్లగా మొదలై చిటపటలాడి ఆగిపోతుంది. వినగానే లేచి నిలబడ్డాను. అది మా వంటిల్లు! నా పోపు! నూనె కాగడం కూడా తెలుస్తోంది. అందుకే ఇంకా మండింది నాకు. ఆవాలను ఇంత విడమరిచి చెప్పగలిగిన మనిషికి గేటు దగ్గర ఏం జరిగిందో చెప్పడానికి ఏమొచ్చింది?

'సాక్షి'ని ఎన్నిసార్లు విన్నానో. ఒక వయొలిన్ సన్నగా సాగుతూ ఉంటుంది, డప్పు మీదపడుతుంది, అంతా అరిచినట్టవుతుంది, చివరికి డప్పు ఒక్కటే ఆగి ఆగి మోగుతుంది. ఇది తుపాకీయా, బండి తలుపా? మామాను అడిగాను. "మామా, దీంట్లో మా ఆయన సచ్చిపోతాడా, బతికుంటాడా?" ఆమె తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఊళ్లో మా అత్త ఈ ఎదురుచూపుకు ఒప్పుకోలేదు. మనిషి జాడ లేకుండా పన్నెండేళ్లు గడిస్తే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ చేసేయడం మనలో ఉంది కదా. ఆ గడువు రాగానే పట్టుబట్టింది.

"ఎన్నాళ్లే ఇట్ల? అటు ముత్తైదువవూ గాక, ఇటు ముండమోపివీ గాక. పెండ్లిండ్లలో నీకు పసుపియ్యాలంటే ఆడోళ్లు నా మొగం సూస్తాండారు."

"సూసిన కండ్లు బతికుండంగా గడ్డిబొమ్మను తగలబెట్టనియ్యను అత్తా" అన్నాను. ఆమె ఆ బాధతోనే పోయింది. నేను బొట్టు తియ్యలేదు. పేరంటాలకు పోవడం మానుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత సారు కువైట్ వచ్చారు, ఇక్కడి హాల్లో 'సాక్షి' వాయించడానికి. మామా కూతురు నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది. అయిపోయాక లోపలికి తీసుకుపోయింది. సారు ముసలివారైపోయారు. నన్ను చూడగానే "సిస్టర్" అని కౌగిలించుకున్నారు.

"సారూ, సంగీతం బాగుంది. నాకు ఒక్క మాట చాలు. బండెక్కించుకుపోయినారా, ఆడనే సంపినారా?"

"నాకు తెలిసిందంతా అందులో పెట్టాను సిస్టర్. అంతా అందులో ఉంది."

"అది నాకు అర్థం కాల్యా సారూ. నోటితో చెప్పండి."

చెవులు మూసుకోలేదు ఈసారి. ఏడ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోటోలు తీశారు. "రేపు మాట్లాడదాం" అన్నారు. మర్నాడు ఆయన విమానం ఎక్కేశారని తెలిసింది. ఊరంతటికీ విందు పెట్టి ఇంట్లో మనిషిని పస్తు పడుకోబెట్టడమంటే ఇదే.

ఎందుకు చెప్పలేదో నాకొక అనుమానం. ఇంగ్లీషువాడు ఎక్కడని మా ఆయన్ను కొట్టి అడిగి ఉంటారు. ఆయన చెప్పి ఉండడు. కిటికీలోంచి 'ఇదిగో నేనున్నాను' అని సారు ఒక్క కేక పెట్టి ఉంటే మా ఆయన బతికేవాడేమో. పెట్టలేకపోయారు. భయం ఎవరికి ఉండదు? ఆ చోట నేనున్నా కేక పెట్టేదాన్నో లేదో. ఆ సంగతి చెప్పి నా కాళ్ల మీద పడక్కర్లేదు. జరిగింది చెబితే చాలు. సిగ్గుతో నోరు కట్టుకుని నా బతుకంతా నన్ను గేటు దగ్గర నిలబెట్టారు.

సారు నేర్పిన అక్షరాలతోనే మొన్న ఆ పేపరు కూడబలుక్కుని చదివాను. పుట్టిన ఊరు, రాసిన సంగీతాలు, పతకాలు, అన్నీ వేశారు. కువైట్‌లో నెలల తరబడి ఒంటరిగా దాక్కుని ప్రాణం కాపాడుకున్నారట. ఒంటరిగానట! అన్నం తనంతట తనే మెట్లు దిగి పళ్లెంలో కూర్చుందా? పోయిన రోజూ గంటా కూడా రాశారు. ఎంత అదృష్టవంతుడు.

నిన్న మా అబ్బాయి నా పక్కన కూర్చున్నాడు. "మా, ఇంగ ఆ కండ్లు గూడా మూసుకున్యాయి. ఇప్పుడన్నా నాయనకు జేద్దామా?" వాడికి తండ్రి మొహం కూడా గుర్తులేదు. సరేనన్నాను. వాడు నా ఫోన్‌లో ఊళ్లో పంతులుగారికి కలిపి నాకిచ్చాడు.

"ఎట్ల పోయినాడమ్మా? ఆయుధంతో పోయింటే దుర్మరణం కింద నారాయణబలి జెయ్యాల. జైల్లో జబ్బుజేసి పోయింటే అది అక్కర్లే. చెప్పమ్మా, దాన్ని బట్టి ఉంటాది."

నేనేం చెప్పను? మా అబ్బాయిని వాడి ఫోన్‌లో 'సాక్షి' పెట్టమన్నాను. "సామీ, సూసినాయన సెప్పిపోయింది ఇదొకటే. ఇనండి" అని రెండు ఫోన్లూ దగ్గర పెట్టి పట్టుకున్నాను. పాపం, ఆయన ఆఖరి దాకా ఓపికగా విన్నారు. డప్పు ఆగింది.

"ఏం చెప్పినాడమ్మా?"

"తెలీదు సామీ."

"సరేలేమ్మా, రెండూ జేద్దాం. దుర్మరణానికి జెయ్యాల్సింది ఒకనాడు, మామూలు చావుకు జెయ్యాల్సింది ఇంకోనాడు. ఏదో ఒకటి ఆయనకు అందుతాది."

వచ్చే నెల ఊరికి పోతున్నాం. ఒక్క మనిషికి రెండు చావులు చెయ్యాలి. మా అబ్బాయి రాత్రి టికెట్లు చూస్తూ చూస్తూ తలెత్తి అడిగాడు, "మా, నాయన ఏనాడు పోయినట్టనుకుని ఏడ్సాల నేను?"