చెరువుమట్టి తోలిన చేను

ఇరవై ఏళ్ల కిందట నేను దమ్మపేటలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఏ నేలలో నీరు ఎంత త్వరగా ఇంకుతుందో చూపించడానికి సోషల్ సార్ మమ్మల్ని చేలకు తీసుకెళ్లారు. ఆయన ఆగిన రెండో చేను చూసి నేను అందరి వెనక్కి జరిగాను. ముందటేడు వరకు అది మాదే. అమ్ముకున్నామని బడిలో ఎవరికీ చెప్పలేదు. గోడు వెళ్లబోసుకోవడం మా ఇంటి పద్ధతి కాదు.

అడుగు తీసేసిన డబ్బాను నేలలోకి దిగ్గొట్టి నీళ్లు పోసి చుట్టూ కూర్చున్నాం. మొదట చూసిన పక్క చెల్కలో, ఆ ఎర్రటి ఇసుక నేలలో, గబుక్కున ఇంకిన నీరు ఇక్కడ నిదానంగా దిగింది. ఇంతలో ఆ చేను కొన్న రాములమ్మ వచ్చింది.

"ఏంది సారూ, నా చేన్ల లంకెబిందెలు గిట్ల దొరికినయా?"

అందరూ నవ్వారు. ఆమె నన్ను గుర్తుపట్టింది. ఇప్పుడు అందరి ముందూ చెప్పేస్తుందని తల దించుకున్నాను.

"పక్కపక్క చేలే కదమ్మా, ఈ మట్టి వేరుగా ఉందేం?" అని సార్ అడిగారు.

"ఇది సుత చెల్కనే సారూ. ముందటి ఆసాములు ఏటా ఎండకాలం చెరువుమట్టి తోలిచ్చిన్రు. వాళ్ల పుణ్యాన వానలు ఆగినా నా పత్తి వాడిపోతలేదు."

"ఎవరమ్మా వాళ్లు?"

ఆమె నా వైపు చూసింది. జవాబు నాకే వదిలేసింది.

నేను లేచి నిలబడి, "మేమే సార్. మా తాత తోలించాడు" అన్నాను.

చేను పోయాక ఆ మాట తలెత్తి చెప్పగలిగింది ఆ రోజే. నా చేత చెప్పించిన రాములమ్మకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.