తెల్లచీర దెయ్యం, ఒక లెక్కల టీచరమ్మ

ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మకి ఒక్క కోరిక మిగిలిపోయింది. సముద్రం ఒడ్డున హోటలుగా మార్చిన పాత కోటలో రెండు రోజులు ఉండి రావాలి. ఒంటరిగా వెళ్లే ధైర్యం లేదు కనక వదినని బతిమాలింది.

"అందులో దెయ్యం ఉందటగా?" అంది వదిన.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నాదీ పూచీ!"

"ఏదైనా కనబడిందని విన్నానా, మొదటి బస్సెక్కేస్తా. నీ పెట్టె కూడా నేనే సర్దేస్తా."

మొదటి రోజు కోట చూశారు. టీచరమ్మ బురుజు మెట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. రెండు లెక్కలొచ్చాయి. వదినకి ఒకటే చెప్పింది. సముద్రాన్ని మర్నాటికి దాచుకున్నారు.

పొద్దున టిఫిను తింటుంటే, పక్క బల్ల దగ్గర కొత్త పెళ్లికూతురు అందరికీ వినబడేలా చెబుతోంది.

"తెల్లారగట్ట ఐదింటికండీ! తెల్లచీర, చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో నడుస్తోంది. అడుగుల చప్పుడే లేదు! మేం గుసగుసలాడుతుంటే తలుపు దగ్గర ఆగి, 'ఊఁ, మాటలొద్దు' అందండీ!"

వదిన చెంచా కింద పెట్టేసింది. "లే. పెట్టె సర్దాలి."

టీచరమ్మకి కాఫీ పొలమారింది. ఐదింటికి మెలకువొచ్చి వరండాలో నడిచింది తనే. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాళ్లని పట్టుకోడానికి నేర్చిన పిల్లినడక అది. గుసగుస వినబడితే చాలు, కాళ్లు ఆగిపోతాయి, నోరు లేస్తుంది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే సముద్రం పోతుంది.

తప్పు చేసిన పిల్లలా లేచి నిలబడింది. "అది దెయ్యం కాదమ్మా. నేనే."

వదిన ఎగాదిగా చూసింది. "నన్ను ఆపడానికి చెబుతున్నావేమో. ఏదీ, నడిచి చూపించు."

టీచరమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని బల్లల మధ్య నడిచింది. "అదే! అదే!" అని కెవ్వుమంది పెళ్లికూతురు. పెళ్లికొడుకు మాత్రం ఎందుకో చేతిలోని మెనూ కార్డుని గబుక్కున బల్ల కింద దాచేశాడు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఈ సంగతి బయట చెప్పకండి. సగం మంది దెయ్యం కోసమే వస్తారండీ!"

వదిన మళ్లీ కూర్చుని ప్లేటు దగ్గరికి లాక్కుంది.

"తొందరగా తిను, దెయ్యమా. ఎండెక్కకముందే సముద్రానికి పోదాం. నా వెనకాల మాత్రం నడవకు, ముందు నడువు."