వీధరుగు మీద వంకాయ గిన్నె

నా చిన్నప్పుడు అమ్మంటే నాకు ఫోన్‌లో గొంతే. కువైట్‌లో ఒకరింట్లో పనికి కుదిరి, నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. ధవళేశ్వరం దాటాక కాలవ పక్కన మా ఊరు. అంతకుముందు ఏడాది వస్తానని చెప్పి, సెలవివ్వలేదని రాలేదు. అందుకే ఈసారి రాజమండ్రిలో రైలు దిగానని పక్కింటి అక్క ఫోన్‌కి కబురు చేసినా నాకు నమ్మకం కుదరలేదు. ఆటో మా గుమ్మం ముందు ఆగితేనే వచ్చినట్టు.

అమ్మ కోరింది ఒక్కటే, అమ్మమ్మ చేసే కలగూర వేపుడు. కంద, దొండకాయ, అరటికాయ, వంకాయ ఒకే మూకుడులో మగ్గనిచ్చి, చివర్లో ధనియాలూ శనగపప్పూ ఎండుమిరపకాయలూ వేయించి దంచిన కూరపొడి చల్లుతుంది.

ఆ పొద్దున నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. వీధిలోకి పరుగు, మళ్ళీ పొయ్యి దగ్గరికి పరుగు. వచ్చినప్పుడల్లా మూత తీసి కందముక్కల్ని గరిటెతో కెలకడం. అమ్మ వచ్చేలోగా కూర అయిపోవాలి, అన్నీ ఒకేసారి వేసెయ్యమని అమ్మమ్మ ప్రాణం తీశాను.

"వేసేస్తానే, నాదేం పోయింది. కంద ఉడికేసరికి వంకాయ పచ్చడైపోద్ది. వంకాయని చూసి దింపేస్తే కంద గొంతు దురదెడద్ది. ఆ దురదకి మీ అమ్మ వచ్చిన ఆటోలోనే వెనక్కెళ్ళిపోద్ది. నీ ఇష్టం మరి."

ఎగతాళికే అంది. నేను నిజమనుకున్నాను. గరిటె కింద పెట్టేశాను.

అప్పుడు అమ్మమ్మ, వంటింట్లో చోటు చాలట్లేదంటూ మిగతా ముక్కల గిన్నెలు మూడూ తీసుకెళ్ళి వీధరుగు మీద పెట్టింది. "నువ్వెలాగూ ఆగవు కదా. రోడ్డు దాకా వెళ్ళి చూసి రా. వచ్చేటప్పుడు ఒక గిన్నె తే. ఒక్కటే. ముందు దొండకాయ."

వెళ్ళాను. అరటిగెలల ఆటో వెళ్ళిపోయింది. దొండకాయ తెచ్చిచ్చాను. మళ్ళీ వెళ్ళాను. రోడ్డు ఖాళీ. అరటికాయ తెచ్చాను. పక్కింటి అక్క గోడ మీంచి చూసి, "ఏమే, రోడ్డు అరిగిపోతే పంచాయతీవాళ్ళు నీ చేతే తారు పోయిస్తారు," అంది. ఈసారి కూడా అమ్మ రాదేమోనని నా భయం. నవ్వు రాలేదు.

మూడోసారి వంకాయ గిన్నె ఎత్తుకునేసరికి వెనకాల ఆటో ఆగింది. అందులోంచి బక్కపల్చటి మనిషి దిగి నన్నే చూస్తోంది. ఎదురెళ్ళాలనీ తెలుసు, ఏదో అనాలనీ తెలుసు. గిన్నెలో నీళ్ళు గౌను మీద ఒలికిపోతుండగా, "అమ్మా, వంకాయ వెయ్యాలి," అని లోపలికి పరిగెత్తాను. అమ్మ నవ్వుతూనో ఏడుస్తూనో నా వెనకాలే వంటింట్లోకి వచ్చి, ఆ ముక్కలు తనే పిండి మూకుట్లో వేసింది.

ఆ రోజు ఏ ముక్కా చితకలేదు. కంద దురదపెట్టలేదు. అయినా సెలవు అయిపోగానే అమ్మ మళ్ళీ విమానం ఎక్కేసింది.

నలుగురు కూర్చుని తినగలిగే వంటింట్లో మూడు గిన్నెలకి చోటు లేకపోవడమేంటని నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. నా పరుగుల్నే అమ్మమ్మ ఆ కూరకి గడియారం చేసుకుంది.

ఎదురుచూపంటే నాకు ఇప్పటికీ చేతకాదు. మా ఆయన రావడం కాస్త ఆలస్యమైతే చాలు, గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంటాను. కాకపోతే తిరిగొచ్చేటప్పుడు తీగ మీద ఆరిన చొక్కానో, పెరట్లో కరివేపాకు రెమ్మో చేతిలో ఉంటుంది. ఖాళీ చేతుల్తో మాత్రం లోపలికి రాను.